ప్యాకెట్లో చెయ్యి పెట్టాక లెక్క ఉండదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో సగానికి పైగా ఒకే గొడవ. అన్నం తగ్గించాం, రాత్రికి చపాతీకి మారాం, పొద్దున్నే పార్కులో నడుస్తున్నాం, అయినా సాయంత్రం చిరుతిండి దగ్గర ఓడిపోతున్నాం అని. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశాను. నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు బాగా పొడుగైంది. మిగతా ముగ్గురికీ కావాల్సింది కూడా చాలావరకు అందులోనే ఉంది కాబట్టి వాళ్లూ అది చదవాలి.

ప్రశ్న: మేడం, నా వయసు 34. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మధ్యాహ్నం పన్నెండున్నరకి రెండు మీటింగుల మధ్య ఇంత పెరుగన్నం తినేసి కూర్చుంటాను. ఐదున్నరకి టీ పెట్టుకుని 400 గ్రాముల మిక్చర్ ప్యాకెట్ పక్కన పెట్టుకుంటాను. ఒక్క గుప్పెడే అనుకుంటాను, కాల్ అయ్యేసరికి సగం ప్యాకెట్ ఉండదు. రెండేళ్లలో ఏడు కిలోలు పెరిగాను. మొన్న షుగర్ టెస్టులో హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. మా ఆయన అసలు కొనొద్దంటారు. మానేస్తే పది రోజులు ఉండి, పదకొండో రోజు రెండు ప్యాకెట్లు తినేస్తున్నాను. మా అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా డబ్బా నిండా సకినాలు, చెక్కలు తెస్తారు, తినకపోతే బాధపడతారు. పూర్తిగా మానేయాలా? మానకుండా తగ్గించడం అసలు జరిగే పనేనా?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: జరిగే పనే చెల్లెమ్మా. పూర్తిగా మానేయాల్సిన అవసరం లేదు. పది రోజులు మానేసి పదకొండో రోజు రెండు ప్యాకెట్లు అని మీరే రాశారు కదా, అంటే మానేయడం అనే పద్ధతి మీకు పనిచెయ్యలేదు, ఇంకోసారి ప్రయత్నించినా అదే జరుగుతుంది. అలాగని మీకు కంట్రోల్ లేదని తిట్టుకోకండి. ఆకలితో ఉన్న మనిషి పక్కన పెద్ద ప్యాకెట్ విప్పి పెట్టి, కళ్లు స్క్రీన్ మీద, చెవులు మేనేజర్ మాటల మీద పెట్టమని చెప్పి, చెయ్యిని మాత్రం సరిగ్గా ఫలానా చోట ఆగమంటే ఎవరి చెయ్యీ ఆగదు.

నా చెయ్యీ ఆగలేదు. 2020 లాక్‌డౌన్ రోజుల్లో డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, వంటింట్లో స్టవ్ పక్కన నిలబడి డబ్బా మూత తీసి కారప్పూస తినేదాన్ని. కూర్చుని పళ్లెంలో పెట్టుకుంటే తిన్నట్టు, నిలబడి డబ్బాలోంచి తింటే తిననట్టు ఉండేది. మూడు నెలల్లో నాలుగు కిలోలు. పగలంతా పేషెంట్లకు ఆహారం గురించి చెప్పే నాకే అలా అయ్యిందంటే, ఇది తెలివికి, చదువుకు సంబంధించిన విషయం కాదని అప్పుడే అర్థమైంది.

ముందు ఆ ప్యాకెట్ తిప్పి వెనక చూడండి. 100 గ్రాములకు ఎన్ని కేలరీలో రాసి ఉంటుంది. మన దగ్గర దొరికే మిక్చర్లలో, చిప్స్‌లో చాలావాటికి 500 దాటుతుంది. 530 అనుకుందాం. సగం ప్యాకెట్ అంటే 200 గ్రాములు, అంటే 1060 కేలరీలు. మీలా కూర్చుని పనిచేసే స్త్రీకి రోజు మొత్తానికి సుమారు 1660 కేలరీలు చాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే మూడు పూటల తిండిలో దాదాపు రెండు పూటలది టీతో పాటే వెళ్లిపోతోంది, మళ్లీ రాత్రి భోజనం మామూలుగానే ఉంటుంది. మిక్చర్లో ఉన్న నూనె దీనికి కారణం. పిండి పదార్థం గ్రాముకు 4 కేలరీలు ఇస్తే నూనె గ్రాముకు 9 ఇస్తుంది, అందుకే చూడ్డానికి కొంచెమే ఉన్నా లెక్క అంత అవుతుంది. అదే లేబుల్ మీద సోడియం కూడా చూడండి. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాములు అని ఉంటే దాన్ని రెండున్నరతో గుణించండి, 2 గ్రాముల ఉప్పు. సగం ప్యాకెట్‌కి 4 గ్రాములు. రోజంతా కలిపి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇంకో సంగతి కూడా గమనించండి. చాలా ప్యాకెట్ల మీద ‘ఒక సర్వింగ్ 30 గ్రాములు’ లాంటి లెక్క ఉంటుంది, రోజు అవసరంలో అది ఇంత శాతమే అని పక్కన చిన్న అంకె వేస్తారు. ఆ చిన్న అంకె చూసి ఫర్లేదు అనుకుంటాం. కానీ ఆ 30 గ్రాములు ఎంతో మనలో ఎవరం చూసి ఉండం. మా ఇంట్లో పచ్చళ్లు పెట్టడానికి కొన్న చిన్న కాటా ఉంది, దాని మీద గిన్నె పెట్టి, నేను గుప్పెడు అనుకున్నదాన్ని పోసి చూశాను. భోజనం చేసిన కాసేపటికి తీసిన గుప్పెడు 22 గ్రాములు వచ్చింది. సాయంత్రం ఆకలి మీద తీసిన గుప్పెడు 41. చెయ్యి అదే, గుప్పెడు అదే. అందుకే గుప్పెడు లెక్కని నమ్మొద్దని అందరికీ చెబుతున్నాను.

మరి ఏం చెయ్యాలి? ఎంత తినాలో తినేటప్పుడు నిర్ణయించకండి, ఆకలి లేనప్పుడే నిర్ణయించేయండి. ప్యాకెట్ కొన్న రోజే, మధ్యాహ్నం భోజనం అయ్యాక, కడుపు నిండి ఉన్నప్పుడు దాన్ని విప్పండి. చిన్న జిప్ కవర్లు గానీ, పిల్లల చిన్న స్టీలు డబ్బాలు గానీ తీసుకుని ఒక్కోదాంట్లో 30 గ్రాములు పొయ్యండి. 400 గ్రాములకు పదమూడు వస్తాయి. మొదటిసారి తూచి పోస్తే చాలు, అది మీ ఇంట్లో ఏ గిన్నెకి ఎంతవరకు వచ్చిందో గుర్తు పెట్టుకుంటే తర్వాత కాటా అక్కర్లేదు. పదమూడూ తీసుకెళ్లి వంటింట్లో అన్నిటికన్నా పై అరలో పెట్టండి, పని చేసుకునే గదిలో ఒక్కటీ ఉండకూడదు. ఐదున్నరకి ఒకటి తెచ్చుకుంటారు. అది అయిపోయాక ఇంకోటి కావాలంటే లేవాలి, వంటింట్లోకి వెళ్లాలి, స్టూలు వేసుకోవాలి, ఇంకోటి విప్పాలి. లేచి నడిచే ఆ కాసేపట్లో ‘నాకిది నిజంగా కావాలా’ అని ఒక్కసారైనా అనిపిస్తుంది. విప్పిన పెద్ద ప్యాకెట్ పక్కనే ఉంటే ఆ ఒక్క క్షణం కూడా దొరకదు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. నేను చదువుకున్న స్కూలు సికింద్రాబాద్‌లో, గేటు ముందు బండి మీద ఒక పెద్దాయన బఠాణీలు, పల్లీలు కాగితం పొట్లాల్లో అమ్మేవాడు. పొట్లం అయిపోతే అయిపోయినట్టే, మళ్లీ కావాలంటే మళ్లీ డబ్బులు, మళ్లీ లైను. చివరికి పొట్లం అడుగున మిగిలిన ఉప్పూ కారం వేలితో అద్దుకుని నాకేవాళ్లం, అంత తృప్తిగా ఉండేది. ఇంట్లో సంక్రాంతి సకినాలు కూడా అంతే, నానమ్మ రేకు డబ్బాలో పెట్టి అటక మీద దాచేది, తనే దింపి మనిషికి రెండు చొప్పున పళ్లెంలో పెట్టేది. డబ్బా మన చేతికి ఇచ్చేది కాదు. (పొట్లం అన్నాను కదా అని న్యూస్‌పేపర్లో నూనె వస్తువులు కట్టించుకోకండి, ఆ సిరా తిండికి అంటుతుందని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎప్పటి నుంచో హెచ్చరిస్తోంది.)

పెద్ద ప్యాకెట్ ముందుంటే ఎక్కువ తింటామన్నది పరిశోధనల్లో కూడా తేలింది. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో బార్బరా రోల్స్ బృందం అవే చిప్స్‌ని 28 గ్రాముల నుంచి 170 గ్రాముల దాకా రకరకాల సైజు ప్యాకెట్లలో ఇచ్చి చూసింది, 2004లో ప్రచురించారు. ప్యాకెట్ పెద్దదైన కొద్దీ అదే మనుషులు ఎక్కువ తిన్నారు, పైగా ఆ ఎక్కువకు సరిపడా రాత్రి భోజనం తగ్గించుకోలేదు. 2019లో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త ఇంకో ప్రయోగం చేశాడు. ఇరవై మందిని పరిశోధన కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. రెండిటిలో వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు సమానం, కావాల్సినంత తినమన్నారు. ప్రాసెస్డ్ తిండి పెట్టిన వారాల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, గబగబా కూడా తిన్నారు. మిక్చర్ విషయంలో మీకు తెలిసినదే ఇది. కరకరమని రెండు సార్లు నమిలితే నోట్లో కరిగిపోతుంది, కడుపు నిండిన కబురు మెదడుకు చేరేలోపు ఇంకో నాలుగు గుప్పిళ్లు లోపలికి వెళ్తాయి.

ఇప్పుడు అసలు దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మిక్చర్ కాదు, ఆ పెరుగన్నం. పన్నెండున్నరకి ఇంత పెరుగన్నం, తర్వాత ఐదు గంటలు ఏమీ లేదు. సాయంత్రానికి వచ్చేది నిజమైన ఆకలి, దాన్ని మీరు చిరుతిండి కోరిక అనుకుంటున్నారు. ఆకలి మీద ఉన్నప్పుడు 30 గ్రాముల డబ్బా ఏ మూలకూ చాలదు, నా సలహా రెండు రోజుల్లో అటకెక్కుతుంది. కాబట్టి మధ్యాహ్నం కంచంలో పప్పు గానీ, గుడ్డు గానీ, చికెన్ గానీ ఉండాలి, ఒక కూర ఉండాలి, పెరుగు చివర్లో ఉండాలి. మీటింగుల మధ్య పది నిమిషాలే ఉంటే రాత్రి మిగిలిన పప్పు వేడి చేసుకోండి, పొద్దునే రెండు గుడ్లు ఉడికించి పెట్టుకోండి. క్యాలెండర్లో లంచ్ అని అరగంట బ్లాక్ చెయ్యండి. ఇది చెయ్యకుండా మిగతావన్నీ చేసినా లాభం తక్కువ.

సాయంత్రం ఆ చిన్న డబ్బా మరీ వెలితిగా అనిపిస్తే ట్యాంక్‌బండ్ మీద ముంత మసాలా కలిపే పద్ధతి పట్టుకోండి. పెద్ద గిన్నెలో రెండు మూడు గుప్పిళ్ల మరమరాలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కీరా, కొత్తిమీర, పచ్చిమిర్చి వేసి, నిమ్మకాయ పిండి, పైన మీ 30 గ్రాముల మిక్చర్ కలపండి. మరమరాలు చాలా తేలిక, 15 గ్రాములు పోస్తేనే గిన్నె నిండుతుంది, దానికి 60 కేలరీల లోపే. గిన్నె నిండా ఉంటుంది, నమలాల్సి వస్తుంది, మిక్చర్ రుచి ప్రతి ముద్దలో తగులుతుంది. స్పూనుతో తినండి, చేత్తో కాదు. వీలైతే ఆ పది నిమిషాలు లాప్‌టాప్ మూసెయ్యండి. కాల్‌లో ఉన్నప్పుడు టీ ఒక్కటే తాగి, తిండి కాల్ అయ్యాక పెట్టుకున్నా సరే.

‘బేక్డ్’, ‘మల్టీగ్రెయిన్’, ‘డైట్ మిక్చర్’ అని ఉన్నవాటికి మారదామని చాలామంది అడుగుతున్నారు. ముందు వైపు కాదు, వెనక అంకెలు పాత ప్యాకెట్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. కొన్నింటిలో నిజంగానే నూనె తగ్గుతుంది, కొన్నింటిలో తేడా నామమాత్రం, కానీ మంచిదే కదా అని రెట్టింపు తింటాం. పది రూపాయల చిన్న ప్యాకెట్లు కొనుక్కోవడం కూడా మంచి ఉపాయమే, రోజుకొకటి విప్పేవాళ్లకి. ఒకేసారి మూడు విప్పితే మళ్లీ పెద్ద ప్యాకెట్టే.

అత్తయ్యగారి సకినాల విషయానికి వస్తే, దయచేసి అవి తినకుండా ఆవిడని నొప్పించకండి. ఎండలో కూర్చుని చేత్తో చుట్టి వేయించి తెచ్చినవి అవి. ఆవిడ ఉన్నప్పుడు ఇద్దరూ కూర్చుని, పళ్లెంలో రెండు పెట్టుకుని, టీతో మాట్లాడుకుంటూ తినండి, ఆ రోజు మిక్చర్ ఉండదు. మీ రిపోర్టు సంగతి కూడా దాచకుండా చెప్పండి, ‘అత్తయ్యా, షుగర్ వచ్చే ముందు దశలో ఉన్నానంట’ అని చెబితే అర్థం చేసుకోని పెద్దవాళ్లు తక్కువ. డబ్బా తెచ్చిన రోజే సగం పక్కింటికి, మీ ఆయన ఆఫీసుకి పంచెయ్యండి. ఈసారి వచ్చేటప్పుడు ఊళ్లో పండిన పెసలు, అలసందలు తెమ్మని మీరే అడగండి. గుగ్గిళ్లు చేసుకోవచ్చు, ఆవిడకీ తెచ్చిన తృప్తి ఉంటుంది.

5.9 అంటే భయపడాల్సిన అంకె కాదు గానీ, వదిలెయ్యాల్సినదీ కాదు. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటారు. ఈ దశలో బరువు కొంచెం తగ్గినా, రోజూ నడిచినా వెనక్కి వెళ్లే అవకాశం బాగా ఉంటుంది. ఆ పరీక్ష సుమారు మూడు నెలల షుగర్ సగటు చూపిస్తుంది కాబట్టి మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకుని డాక్టరుకు చూపించండి. మధ్యలో రోజూ బరువు చూసుకుని బెంగపెట్టుకోవద్దు.

ఒక్కటి మాత్రం జాగ్రత్తగా గమనించుకోండి. ఆ పదకొండో రోజు తినేటప్పుడు ఎవరూ చూడకుండా తింటున్నారా, కడుపు నొప్పి వచ్చేదాకా తింటున్నారా, తర్వాత అసహ్యంగా అనిపిస్తోందా, వారానికి ఒకసారైనా అలా జరుగుతోందా? అయితే డబ్బాలు, కాటాలు సరిపోవు, పైగా తూచుకోవడం వల్ల ఇంకా టెన్షన్ పెరుగుతుంది. అది చికిత్స ఉన్న సమస్య, మానసిక నిపుణులతో మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: అక్కా, నేను అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. మెస్సులో ఏడున్నరకే భోజనం పెట్టేస్తారు. రాత్రి ఒంటి గంట దాకా చదువుతాం. పదకొండు అయ్యేసరికి చిప్స్, కూల్‌డ్రింక్, కప్పు నూడుల్స్. సాయంత్రం రూమ్మేట్స్‌తో మిర్చి బజ్జీ బండి దగ్గర మనిషికి ప్లేటు, ఒక్కోసారి రెండు. పొట్ట వచ్చేసింది, పొద్దున లేవలేకపోతున్నాను, డబ్బులు కూడా అయిపోతున్నాయి. తక్కువ తినడం ఎలా?
– ఒక అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: తమ్ముడూ, ఏడున్నరకి తిని ఒంటి గంట దాకా మెలకువగా ఉంటే ఆకలి వెయ్యకుండా ఎలా ఉంటుంది? ఆ పదకొండు గంటల తిండిని దొంగతనంలా చూడకు, దాన్ని నాలుగో పూటగా పెట్టుకో. నెలకి సరిపడా వేయించిన శనగలు, పల్లీలు కిలోల్లెక్కన కొనుక్కో, రోజుకు వంద రూపాయల చిప్స్‌తో పోలిస్తే చాలా చవక. రెండు అరటిపళ్లు, హాస్టల్లో కెటిల్ ఉంటే రెండు ఉడికిన గుడ్లు. పల్లీలు మంచివే కానీ వాటిలోనూ నూనె ఉంటుంది, 30 గ్రాములకే 170 కేలరీల దాకా ఉంటాయి, కాబట్టి కిలో సంచి మంచం మీద పెట్టుకుని చదవకు. చిన్న టీ గ్లాసుతో కొలిచి తీసుకుని సంచికి రబ్బరు బ్యాండు వేసి ట్రంకులో పెట్టెయ్.

కూల్‌డ్రింక్ విషయంలో మాత్రం నేను బేరం ఆడను, రాత్రిపూట అది మానెయ్. మామూలు కోలాల్లో 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. చిన్న 250 సీసా తాగితేనే 25 గ్రాములు దాటింది, రోజు మొత్తానికి అంతకు మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అంతే. తాగినది కడుపు నింపదు, అందులో కెఫీన్ ఉంటే నిద్ర కూడా పాడవుతుంది, పొద్దున లేవలేకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

బజ్జీల బండి మానమని చెప్పను. రోజంతా పుస్తకాల ముందు కూర్చున్నవాడికి ఆ అరగంట స్నేహితులతో నిలబడి మాట్లాడుకోవడం అవసరం. మనిషికో ప్లేటు కాకుండా ఇద్దరికో ప్లేటు చెప్పండి, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మకాయ ఎక్కువ అడగండి. మొదటి ప్లేటు అయ్యాక వెంటనే రెండోది చెప్పకండి, ఆ వీధి చివరి దాకా నడిచి రండి, వచ్చాక కూడా కావాలనిపిస్తే అప్పుడు చూడొచ్చు. వారంలో రెండు రోజులు బండి, మిగతా రోజులు మొక్కజొన్న కంకి, ముంత మసాలా, ఏదో ఒకటి. బాండీలో నూనె నల్లగా, చిక్కగా, పొగలు కక్కుతూ ఉంటే ఆ రోజుకి తినకుండా వచ్చెయ్యండి, మళ్లీ మళ్లీ కాచిన నూనె ఒంటికి మంచిది కాదు.

ప్రశ్న: అమ్మా, మా మనవడికి ఆరేళ్లు. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, వాడు స్కూలు నుంచి వచ్చాక నా దగ్గరే. రాగానే చిప్స్ అంటాడు. ఇవ్వకపోతే అన్నం తిననని మొండికేస్తాడు, ఇస్తే మా అమ్మాయి నన్ను కోప్పడుతుంది. అన్నం తింటే చిప్స్ ఇస్తానని చెప్పి తినిపిస్తున్నాను. ఎంత ఇవ్వొచ్చు?
– ఒక అమ్మమ్మ, సైనిక్‌పురి

జవాబు: అమ్మా, మీ కష్టం నాకు తెలుసు, మా అమ్మ కూడా మా పిల్లలతో ఇలాగే నలిగింది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019లో ఇచ్చిన సలహా ప్రకారం ఇలాంటివి వారానికి ఒక్కసారికి మించకూడదు. ఇప్పుడు రోజూ అలవాటైంది కాబట్టి ఒక్క రోజులో అక్కడికి తేలేరు. ముందు మీరూ, మీ అమ్మాయీ కూర్చుని ఒకే మాట మీదికి రండి, వాడి ముందు కాదు. శనివారం చిప్స్ రోజు అని వాడికి చెప్పండి. ఆ రోజు కూడా ప్యాకెట్ చేతికి ఇవ్వకుండా చిన్న గిన్నెలో పోసి, పక్కన పండు ముక్కలు పెట్టి, మీరూ వాడితో కూర్చోండి. మిగతా రోజులు స్కూలు నుంచి రాగానే తినేది వాడి కళ్ల ముందు సిద్ధంగా ఉండాలి, ఉప్మా గానీ, దోసె గానీ, బెల్లం పల్లీపట్టీ గానీ, ఉడికించిన మొక్కజొన్న గానీ. ఆకలి మీద వచ్చిన పిల్లాడికి వంట అయ్యేదాకా ఆగు అంటే వాడు చిప్సే అడుగుతాడు.

అన్నం తింటే చిప్స్ అనే మాట మాత్రం ఇవాళ్టి నుంచే ఆపెయ్యండి. దానివల్ల అన్నం అనేది భరించాల్సిన పని, చిప్స్ అనేది బహుమానం అని వాడి మనసులో పడిపోతుంది. అలాగే ఇంట్లో కనబడేలా పెట్టి ముట్టుకోవద్దంటే ఇంకా దాని మీదే ధ్యాస ఉంటుంది, పిల్లల మీద చేసిన పరిశోధనల్లో కూడా ఇదే చూశారు. కనబడకుండా ఉండడమే నయం, శనివారానికి సరిపడా చిన్న ప్యాకెట్ శుక్రవారం కొనండి. మొదటి వారం మొండికేస్తాడు, ఒక పూట అన్నం సగమే తింటాడు. ఆరేళ్ల ఆరోగ్యమైన పిల్లాడు ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదమ్మా, మీరు గుండె గట్టి చేసుకోండి.

ప్రశ్న: నాకు 62 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా షుగర్, మాత్రలు వాడుతున్నాను. రోజూ సాయంత్రం నలుగురు స్నేహితులం ఇరానీ హోటల్‌కు వెళ్తాం. ఒక ఛాయ్, మూడు నాలుగు ఉస్మానియా బిస్కెట్లు, ఒక్కోసారి ఉల్లిపాయ సమోసా. ఇంట్లో అందరూ మానెయ్యమంటున్నారు. ఆ గంట లేకపోతే నాకు రోజు గడవదు.
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, మెట్టుగూడ

జవాబు: అన్నయ్యగారూ, స్నేహితులని మానకండి. హోటల్‌కు నడిచి వెళ్లి నడిచి రండి. ఇరానీ ఛాయ్‌లో చక్కెర ఎక్కువే ఉంటుంది, చక్కెర లేకుండా కలపగలరేమో అడిగి చూడండి, కుదరదంటే మన హైదరాబాద్ అలవాటే ఉంది కదా, వన్ బై టూ చెప్పి పంచుకోండి. బిస్కెట్ ఒకటి. ప్లేటులో పెట్టి టేబుల్ మధ్యలో ఉంచితే మాటల్లో పడి ఎన్ని తిన్నారో మీకే తెలియదు, అందుకని మీది మీరు తీసుకుని ప్లేటు అవతలి వైపు జరిపెయ్యండి. సమోసా తిన్న రోజు బిస్కెట్ వద్దు. ఆ సాయంత్రం తిన్న రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌తో ఒకసారి చూసుకోండి, బిస్కెట్లు నాలుగు తిన్న రోజు ఒకసారి, ఒకటి తిన్న రోజు ఒకసారి. రెండు అంకెలూ కాగితం మీద రాసి మీ డాక్టరు గారికి చూపించండి, మాత్రల మోతాదు సంగతి ఆయన చెబుతారు.